కోరల్‌డ్రా ఒకప్పుడు లైనక్స్‌లో ఉండేది! మరి మన డీటీపీ షాపులు విండోస్ ఎందుకు వదల్లేకపోయాయి?

ఈరోజు కథ కోట నుంచి మొదలుపెడతాను. కోచింగ్ సెంటర్లున్న రాజస్థాన్ కోటా కాదు. గూడూరు నుంచి సముద్రం వైపు పోతే తగిలే మన నెల్లూరు తీరం కోట.

ఆ బజార్లో నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. పుట్టినరోజు ఫ్లెక్సీ, రొయ్యల మేత షాపు బోర్డు, తిరునాళ్ళ కరపత్రం. చేతిలో పెట్టింది పెళ్ళి పత్రిక. ఇవన్నీ ఎక్కడో ఒక చిన్న గదిలో, ఒక పాత కంప్యూటర్ మీద తయారయినవే. అందులో ఏముంటాయో మీకూ తెలుసు: ఫోటోషాప్ 7, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్, వాటన్నిటికీ తెలుగు పెట్టే అను స్క్రిప్ట్.

అలాంటి షాపు నడిపే ఒకతను ఈమధ్య నన్ను అడిగాడు. "అన్నా, విండోస్ 10కి ఇంక అప్‌డేట్లు రావంటన్నారు. 11 వేద్దామంటే నా సిస్టం తీసుకోదంట. లైనక్స్ వేసుకోమని మా తమ్ముడు చెప్తన్నాడు. వేసుకుంటా సరే, నా ఫోటోషాప్ ఏం గాను? నా అను ఏం గాను?"

మంచి ప్రశ్న. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కావాలంటే కొంతకాలం పొడిగింపు ఇచ్చారు, అంతే. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు కావాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తది ఉండాలి. అంటే బాగా పనిచేస్తున్న మెషీన్‌నే పక్కన పెట్టాలి. చిన్న షాపుకి అది పెద్ద ఖర్చు.

దీనికి "ఫోటోషాప్ బదులు గింప్ వాడు, కోరల్ బదులు ఇంక్‌స్కేప్ వాడు" అని రెండు ముక్కల్లో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనలా చెప్పను. ఎందుకంటే మనవాళ్ళని కట్టేసిన తాడు ఫోటోషాప్ ఒక్కటే కాదు. అసలు ముడి మన తెలుగు అక్షరంలో పడింది. అది ఎప్పుడు, ఎలా పడిందో తెలిస్తే, ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. అందుకే ఈ ఎపిసోడ్ చరిత్ర.

ముందు సీసపు అక్షరాల కాలానికి పోదాం. పాత ప్రెస్సులో కంపోజిటర్ ముందు చెక్క అరలు ఉండేవి. ఇంగ్లీషుకయితే పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు, అంకెలు, కామాలు పెట్టుకుంటే సరిపోయేది. తెలుగుకి అలా కుదరదు. అక్షరాలు, గుణింతాలు, వాటి కింద పెట్టే ఒత్తులు, అన్నీ వేరువేరు ముక్కలు. "లక్ష్మి" అన్న ఒక్క పేరు పేర్చాలంటే ఎన్ని అరల్లో చెయ్యి పెట్టాలో చూడండి. ఆ పని రావడానికే ఏళ్ళు పట్టేది.

1985లో అమెరికాలో ఆల్డస్ అనే కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. స్క్రీన్ మీదే పేజీ కట్టి ప్రింటు తియ్యొచ్చు. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అన్నారు, అదే మన డీటీపీ. 1990ల్లో అది మన ఊళ్ళకూ చేరింది. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు. దానికి తెలిసింది ఇంగ్లీషు ఒక్కటే. అప్పటి ఫాంట్‌లో మొత్తం 256 గదులు, అందులో కొన్ని వాడటానికి కూడా కుదరవు.

అప్పుడు మన దేశంలో కంపెనీలు ఒక తెలివైన ఉపాయం చేశాయి. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క బొమ్మ పెట్టాయి. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో ఏత్వం, ఇంకో గదిలో ఒత్తు. సీసపు ముక్కల్నే కంప్యూటర్‌లోకి దించినట్టు! కంప్యూటర్ మాత్రం తాను ఇంగ్లీషే రాస్తున్నాననుకుంటుంది. మన కంటికి తెలుగు కనపడుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అను, పుణే మాడ్యులర్ కంపెనీ వాళ్ళ శ్రీలిపి, అన్నీ ఈ దారిలోనే నడిచాయి.

దీన్ని నేను తప్పు పట్టను. ఆ ఉపాయమే లేకపోతే 1990ల్లో గూడూరు, కోట లాంటి ఊళ్ళలో తెలుగు డీటీపీ ఉండేదే కాదు. ఎంతోమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఆ కీబోర్డు నేర్చుకుని బతికారు. కళ్ళు మూసుకుని తెలుగు టైపు చేసే ఆపరేటర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వేళ్ళలో ఉన్న విద్య చిన్నది కాదు.

అయితే దానికి ఒక వడ్డీ ఉంది. ఒక్కో కంపెనీ ఒక్కో గదిలో ఒక్కో ముక్క పెట్టుకుంది. అనులో కొట్టిన మేటర్ శ్రీలిపిలో తెరిస్తే గజిబిజి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు గజిబిజి. ఆ ఫైల్లో నిజానికి తెలుగు లేదు, తెలుగులా కనపడే బొమ్మలు మాత్రమే ఉన్నాయి.

దీని ఫలితం మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. కస్టమర్ పెళ్ళి పత్రిక మేటర్ వాట్సాప్‌లో పంపుతాడు. మీ ఫోన్‌లో చక్కగా కనపడుతుంది. షాపులో ఫోటోషాప్ 7లో పేస్ట్ చేస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడతాయి. ఇక ఆపరేటర్ మళ్ళీ అనులో మొత్తం కొట్టాలి, లేదా కన్వర్టర్‌లో వేసి తప్పులు దిద్దుకోవాలి. ఆ తొందరలో పెళ్ళికూతురి తాతగారి పేరు తప్పు పడుతుంది. ఐదు వందల పత్రికలు అచ్చయ్యాక ఆ తప్పు కనపడితే ఆ షాపులో ఏం గొడవ జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇదే కాలంలో లైనక్స్ వైపు ఏం జరిగిందో చూద్దాం. ఇక్కడ కథ ఆసక్తిగా ఉంటుంది.

1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక బొమ్మల సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. అదే గింప్. 1996లో జనానికి ఇచ్చారు. దానికి బటన్లు, మెనూలు గీయడానికి వాళ్ళు సొంతంగా ఒక సామాను తయారు చేసుకున్నారు. దాని పేరు జీటీకే, అంటే గింప్ టూల్‌కిట్. తర్వాత గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్‌ని ఆ సామానుతోనే కట్టారు. "లైనక్స్‌లో డిజైన్ పని కుదరదు" అంటారు గానీ, లైనక్స్ డెస్క్‌టాప్‌లో పెద్ద భాగం ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ పునాది మీదే లేచింది!

ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. కోరల్‌డ్రా తయారుచేసే కెనడా కంపెనీ కోరల్ 1999లో సొంత లైనక్స్ విడుదల చేసింది. పేరు కోరల్ లైనక్స్. 2000లో కోరల్‌డ్రా 9ని లైనక్స్‌కి తెచ్చింది. అవునండీ, మన ఫ్లెక్సీ షాపుల్లో వాడే ఆ కోరల్‌డ్రానే! విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్ మీద నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, 1993 నుంచి తయారవుతోంది. దాని సాయంతోనే తెచ్చారు. కానీ కంపెనీకి డబ్బు కష్టాలు వచ్చాయి. 2000 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీలో 13.5 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. 2001లో కోరల్ తన లైనక్స్ వ్యాపారాన్ని జాండ్రోస్ అనే కంపెనీకి అమ్మేసింది. ఆ తలుపు అలా మూసుకుంది.

ఫోటోషాప్ సంగతి కూడా అలాంటిదే. 2003లో కోడ్‌వీవర్స్ అనే కంపెనీ తన క్రాస్‌ఓవర్ ఆఫీస్ 2.0తో ఫోటోషాప్ 7ని లైనక్స్ మీద నడిపి చూపించింది. ఆ పనికి డబ్బు ఇచ్చినవాళ్ళలో డిస్నీ ఉంది. వాళ్ళ యానిమేషన్ స్టూడియో లైనక్స్‌కి మారుతోంది, ఆర్టిస్టులు మాత్రం ఫోటోషాప్ వదలమన్నారు. అంటే మన కోట షాపతను ఇప్పుడు అడిగిన ప్రశ్నే అప్పట్లో డిస్నీకీ వచ్చింది. వాళ్ళ దగ్గర డబ్బుంది, దారి వేయించుకున్నారు. మన దగ్గర ఆ డబ్బు లేదు, కాపీ సీడీ ఉంది. అందరం దానితో కాలం గడిపేశాం.

కాపీ సీడీ మాట వచ్చింది కాబట్టి నిజం మాట్లాడుకుందాం. లైసెన్సు కొనని ఫోటోషాప్ మనకి ఉచితంగా అనిపించింది. అందుకే ఉచితంగా దొరికే గింప్ వైపు చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 2013లో అడోబీ కొత్త వెర్షన్లను నెలవారీ చందాకి మార్చేసింది. చిన్న షాపులు చందా కట్టలేక పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. ఫోటోషాప్ 7 వచ్చింది 2002లో. ఇప్పటికీ అదే! వైరస్ వచ్చినా, ఫైలు పాడైనా, అడగడానికి ఎవరూ ఉండరు.

సరే, మళ్ళీ అక్షరం దగ్గరికి వద్దాం.

1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. అందులోనే తెలుగు ఉంది. యూనికోడ్‌లో ముక్కల బొమ్మలు ఉండవు. "క" అంటే క, దానికి ప్రపంచమంతా ఒకటే నంబరు. "లక్ష్మి" అని రాస్తే ఫైల్లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా ఉంటుంది. దాన్ని చూసి ఒత్తు ఎక్కడ పెట్టాలో, గుడి ఎక్కడ కలపాలో లెక్కగట్టి బొమ్మ వేసేది ఇంకో ప్రోగ్రాం. పాత ప్రెస్సులో కంపోజిటర్ చేసిన పనే అది చేస్తుంది. మనం దాన్ని అక్షర కూర్పు ఇంజిన్ అనుకుందాం.

ఆ ఇంజిన్ రాయడం తేలిక కాదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద కంపెనీకే మన ఒత్తు చుక్కలు చూపించింది.

ఫోటోషాప్ 7లో అలాంటి ఇంజిన్ మన లిపులకి లేదు. అందుకే అతికించిన తెలుగు విడిపోతుంది. అడోబీ ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పు 2012లో, సీఎస్6తో వచ్చింది. ఫోటోషాప్‌లో ఆ తర్వాత, చందా కాలంలో వచ్చింది. అప్పటికి మన షాపులు పాత వెర్షన్లలో ఆగిపోయి ఉన్నాయి కదా, వాటికి అందలేదు.

మరి లైనక్స్‌లో? 2004లో వచ్చిన గింప్ 2.0, అక్షరాల పనిని పాంగో అనే లైబ్రరీకి అప్పజెప్పింది. పాంగోని మొదలుపెట్టిందే ప్రపంచంలోని అన్ని లిపులూ కూర్చాలని. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ కూడా పాంగోనే వాడుతుంది. ఆ తర్వాత లైనక్స్ డెస్క్‌టాప్ వాళ్ళంతా కలిసి హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్ తయారు చేశారు. ఇప్పుడు అది ఎక్కడుందో తెలుసా? మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది. క్రోమ్‌లో ఉంది. చివరికి కొత్త ఫోటోషాప్‌లో కూడా అదే ఉంది. మీరు ఆండ్రాయిడ్‌లో ఇది చదువుతుంటే, ఈ ఒత్తులు కుదురుగా కూర్చున్నది లైనక్స్ డెస్క్‌టాప్ కోసం మొదలైన కోడ్ వల్లే.

ఇందులో మన తెలుగువాళ్ళు చేసిన పని కూడా ఉంది. యూనికోడ్ కొత్తలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే రెండు ఫాంట్లు తయారు చేసి స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతో ఇచ్చారు. ఇప్పటికీ డెబియన్ లైనక్స్‌లో ఒక్క క్లిక్కుతో దిగుతాయి. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ మొదలైంది. వాళ్ళు తెలుగులో మెనూలు కనపడే లైనక్స్ తయారు చేశారు. ఇంజనీరింగ్ విద్యార్థులే కూర్చుని ఎన్నో మాటలు తెలుగు చేశారు.

కానీ డిజైన్ షాపుకి రెండు ఫాంట్లు చాలవు. పెళ్ళి పత్రికకి ఒక వంపు, ఫ్లెక్సీకి ఒక లావు, సినిమా టైటిల్‌లా ఇంకో రకం కావాలి. అను గెలిచింది అక్కడే, రకరకాల ఫాంట్లు ఇచ్చింది. ఆ లోటు కొంత తీరింది 2013 ప్రాంతంలో. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర తరఫున పురుషోత్ కుమార్ గుత్తుల గారి లాంటివాళ్ళు గీసిన ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. రామభద్ర, సురవరం, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, ఇలా వరసగా. ఆ తర్వాత ఏక్‌టైప్ వాళ్ళ బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు లాంటివి వచ్చాయి. వీటిని అమ్మే పనికి కూడా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు.

ఇప్పుడు మన షాపతని ప్రశ్నకి జవాబు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ఏం కుదురుతుంది? ఫ్లెక్సీ, బోర్డు, లోగో ఇంక్‌స్కేప్‌లో బాగా అవుతాయి. ఫోటో కటింగ్, రంగులు దిద్దడం గింప్‌లో అవుతుంది. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో, వేసిన ఎఫెక్టుని తర్వాత కూడా మార్చుకునే సౌకర్యం వచ్చింది. పుస్తకం, కరపత్రం లాంటి పేజీల పనికి స్క్రైబస్ ఉంది. అయితే స్క్రైబస్‌కి తెలుగు ఒత్తులు సరిగ్గా వచ్చింది 2017లో, 1.5.3 వెర్షన్‌తో. అంతకుముందు ఎవరైనా వేసి చూసి "ఛీ, ఇందులో తెలుగు రాదు" అని తీసేసి ఉంటే, అప్పటికి వాళ్ళ మాట నిజమే. ఇప్పుడు ఇంకోసారి చూడొచ్చు.

ఏం కుదరదు? గింప్ ఇప్పటికీ ఫైలుని నేరుగా సీఎంవైకే రంగుల్లో ఉంచి పని చేయనివ్వదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పంపేటప్పుడు మార్చుకోవాలి, లేదా ఆ పని క్రిటాలో, స్క్రైబస్‌లో చేసుకోవాలి. కోరల్ సీడీఆర్ ఫైళ్ళని ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ తెరుస్తాయి, కానీ అన్నీ యథాతథంగా రావు. పేజ్‌మేకర్ ఫైళ్ళని కూడా లిబ్రేఆఫీస్ 2015 నుంచి తెరుస్తోంది. ముఖ్యమైన కష్టం ఏంటంటే, ఏది తెరిచినా లోపలున్న అను మేటర్ తెలుగు కాదు. బొమ్మల గజిబిజే. లైనక్స్‌కి మారినా ఆ ముడి అలాగే ఉంటుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే: ముందు అక్షరం మార్చండి, తర్వాత సాఫ్ట్‌వేర్, చివర్న లైనక్స్.

అంటే ఎలా? ఇప్పుడున్న విండోస్‌లోనే ఇంక్‌స్కేప్, గింప్ వేసుకోవచ్చు, రెండూ విండోస్‌లో కూడా నడుస్తాయి. ఈరోజు నుంచి వచ్చే కొత్త పనులు, ముందు చిన్నవి, యూనికోడ్ ఫాంట్లతో చేసి చూడండి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మేటర్ నేరుగా అతుకుతుంది. మళ్ళీ కొట్టే పని పోతుంది, ఆ తప్పులూ పోతాయి. ప్రెస్సుకి పంపేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే కర్వ్స్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి. వేళ్ళకి అలవాటైన ఆపిల్ కీబోర్డు గురించి భయం వద్దు. లైనక్స్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్టలో తెలుగు ఆపిల్ అమరిక ఉంది. ఒకటి రెండు మీటలు తేడాగా అనిపిస్తే చూసుకోండి. పాత ఫైళ్ళలో మళ్ళీ మళ్ళీ వాడేవి ఏవో ఏరుకుని, వాటి మేటర్ మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు చదివి దాచుకోండి. ఆ పాత కంప్యూటర్‌ని నెట్ తీసేసి పక్కన ఉంచితే, మిగతా పాత ఫైళ్ళకి అది పనికొస్తుంది. రోజువారీ పనిలో విండోస్ అక్కర్లేదని మీకే అనిపించిన రోజున లైనక్స్ వేసుకోండి.

ఇంత కష్టం ఎందుకు అంటారా? ఒక్కసారి ఆలోచించండి. ఈ పాతికేళ్ళలో మన ఊళ్ళలో అచ్చయిన కరపత్రాలు, సావనీర్లు, ఊరి కవుల పుస్తకాలు, గుడి చరిత్రలు, బడి వార్షికోత్సవ సంచికలు దాదాపు అన్నీ ఇలాంటి షాపుల్లోని హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. పాత ఫాంట్ల ముక్కల బొమ్మలుగా ఉన్నాయి. గూగుల్‌లో వెతికితే దొరకవు, ఫోన్‌లో తెరుచుకోవు. ఆ మెషీన్ ఆగిపోయిన రోజున, ఆ ఫాంట్ దొరకని రోజున, అవి ఎవరూ చదవలేని ఇంగ్లీషు గజిబిజి అయిపోతాయి. తాటాకు మీద రాసింది వందల ఏళ్ళు నిలిచింది. హార్డ్‌డిస్కులో పెట్టింది మన కళ్ళ ముందే పోయేట్టుంది.

మీలో కంప్యూటర్ చదువుతున్నవాళ్ళకి ఒక మాట. కోట మండలంలోనే, విద్యానగర్‌లో, 1979 నుంచి ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. సెలవుల్లో ఇద్దరు స్నేహితులు కలిసి మీ ఊరి డీటీపీ షాపుకి వెళ్ళండి. "అన్నా, నీ పాత ఫైళ్ళు యూనికోడ్ చేసి పెడతాం" అని అడగండి. ఆయన దగ్గర ముప్పై ఏళ్ళ ఊరి చరిత్ర ఉండొచ్చు. మీ ప్రాజెక్టుకి అంతకంటే మంచి పని దొరకదు. ముందు ఒక కాపీ తీసుకుని మాత్రమే మొదలుపెట్టండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు.

మన షాపతను ఇప్పుడు ఏం చేస్తున్నాడంటే, ఇంకా విండోస్‌లోనే ఉన్నాడు. కానీ ఇంక్‌స్కేప్‌లో రామభద్ర ఫాంట్‌తో ఒక షాపు బోర్డు చేసి నాకు పంపాడు. మేటర్ కస్టమర్ ఫోన్ నుంచి వచ్చిందే, ఒక్క అక్షరం కూడా మళ్ళీ కొట్టలేదంట. "లైనక్స్ సంగతి తర్వాత చూద్దాంలే అన్నా, ఇది మాత్రం బాగుంది" అన్నాడు.

నాకు అది చాలు. సగం దారి దాటినట్టే. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం, ఉంటాను. నమస్తే.